ఫరాంజీ సేట్ హాజిర్ హో

తాండూరు స్టేషన్‌లో దిగి, పట్టాలు దాటి, నాపరాయి గనుల బాట పట్టుకుని నడిస్తే ముందుగా ఫుట్‌బాల్ గ్రౌండు వచ్చేది. ఇప్పుడు వెళ్ళి వెతికితే కనబడదు. అక్కడ నీళ్ళు నిలిచిన పెద్ద గొయ్యి ఉంది. అది గొయ్యి కాకముందు జరిగిన సంగతి ఇది.

నా పేరు మార్త. మా ఆయన ఏసుదాసు ఆ గ్రౌండులో గోల్‌కీపరు. పగలంతా గనిలో బండలు తీసేవాడు, పొద్దు వాలాక బంతి పట్టేవాడు. ఆటగాళ్ళూ గని పనివాళ్ళే, చూసేవాళ్ళూ గని పనివాళ్ళే. ఊరంతా మా టీమును 'బండల టీము' అనేది. ఆదివారం చర్చి అయిపోగానే నేను జొన్నరొట్టెలు మూట కట్టుకుని పడమటి గట్టు మీద చోటు పట్టుకునేదాన్ని. వికారాబాదు రైల్వే టీముతో ఆట ఉందంటే ఆ వారమంతా మాకు వేరే మాట ఉండేది కాదు. ఓడితే ఇంట్లో పొయ్యి ముట్టించబుద్ధి అయ్యేది కాదు.

టీము పెట్టింది ఫరాంజీ సేట్. పార్సీ ఆయన. నైజాం రోజుల్లో బొంబాయి నుంచి వచ్చి గనులు కౌలుకు పట్టాడు. పెళ్ళాం పిల్లలు లేరు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. రాతి దుమ్ముకు ఎప్పుడూ దగ్గుతుండేవాడు. ఆయనకు కుర్చీ వేసినా కూర్చునేవాడు కాదు. ఆట అయ్యేదాకా గోలు వెనకే నిలబడేవాడు. పక్కనుంచి పోతే నిమ్మతొక్క నలిపినట్టు ఒక వాసన వచ్చేది. బొంబాయి నుంచి సీసాల్లో తెప్పించుకునే సెంటు అది.

ఆయన దేవుడేం కాదు. ఆట అయిపోగానే బూట్లు విప్పించి, తుడిపించి, బీరువాలో పెట్టి తాళం వేయించేవాడు. మా పెళ్ళి రోజు ఒక్క పూట తొడుక్కుంటానని మా ఆయన బతిమిలాడితే కూడా ఇవ్వలేదు. ఓడిన రోజు ఆయన తిట్టే తిట్లకు గట్టు మీద ఆడవాళ్ళం చెవులు మూసుకునేవాళ్ళం. కానీ జంగప్ప కాలు విరిగినప్పుడు తన మోటారులో పడుకోబెట్టుకుని హైదరాబాదు దాకా తనే నడుపుకుంటూ పోయాడు. ఒకసారి గెలిచిన సాయంత్రం గ్రౌండు నడుమ నిలబడి, "ఈ జమీన్ నాది కాదు బాబా. మీది. నేను పోయినా మీదే" అన్నాడు. ఆ మాట మాలో చాలామందికి బైబిలు వాక్యంలా కంఠతా ఉండేది.

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు, వికారాబాదు వాళ్ళతో కప్పు ఆట. ఆ రోజు సేట్ రాలేదు. ఆయన దగ్గర లెక్కలు రాసే మునీము జనార్దన్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గనులు, బంగళా, గ్రౌండు, టీము అన్నీ తనకు అమ్మేసి సేట్ రాత్రి బొంబాయి రైలెక్కాడని చెప్పాడు. మేమెవరం నమ్మలేదు. అప్పుడు మొగులప్ప మామ లేచి నిలబడ్డాడు.

"నిజమే. పెట్టె మోసుకపోయి రైల్ల వెట్టింది నేనే. ఎనుకకు తిరిగి సూడకుంట పోయిండు" అన్నాడు.

అప్పుడు నమ్మాం. మొగులప్ప మాట కాదంటే ఇంకెవరి మాట నమ్ముతాం? టీము జెండా పట్టేది ఆయన. ఆటకు ముందు గుంతల్లో ఎర్ర మొరం మట్టి పోసి గ్రౌండు చదును చేసేది, సున్నం గీతలు వేసేది ఆయన. టీము ఓడితే రెండు రోజులు అన్నం ముట్టని మనిషి. తర్వాత కొన్నాళ్ళకు జనార్దన్ ఆయన్ను గనిలో మేస్త్రీని చేస్తే, మంచివాడికి మంచి జరిగిందనే అనుకున్నాం.

ఆ రోజు నుంచి ఫరాంజీ పేరెత్తితే ఊరు ఊరంతా ఉమ్మేది. మాటిచ్చి అమ్ముకుపోయాడు. చెప్పనైనా చెప్పలేదు. మా ఆటగాళ్ళు గ్రౌండులోకి దిగేటప్పుడు తూర్పు గోలు ముందు నేల మీద ఒకసారి ఉమ్మి, "ఫరాంజీ మొహం మీద" అని ముందుకు పోయేవాళ్ళు. ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు. రాను రాను అది శకునం అయిపోయింది.

ఆ తూర్పు గోలు దగ్గర ఒక వింత ఉండేది. అక్కడ బంతి నేలకు తగిలితే ఎగిరేది కాదు. ధప్పున పడి, కాసేపు కదిలి, ఆగిపోయేది. ఎంత బలంగా తన్నిన బంతైనా సరే. మా ఆయన దాని మీద పడి పట్టుకునేవాడు. అటు వైపు నిలబడ్డ ఆటల్లో ఆయనకు గోలు పడడమే తక్కువ. వికారాబాదు దాకా ఆయన చేతులకు పేరు వచ్చింది. "నేలల నీరు ఉన్నట్టుంది" అనేవాడు మా ఆయన. ఎక్కువ ఆలోచించే మనిషి కాదు.

జనార్దన్ కింద టీము ఏళ్ళ తరబడి నడిచింది. నడిచిందంటే, కుంటింది. అరవై ఒకటి శ్రావణంలో ఆయన ఒక మాట చెప్పి పంపాడు. గ్రౌండు కింద మంచి బండ పడ్డదట. సోమవారం నుంచి తవ్వకం. టీము ఇక లేదు.

ముందు రోజు ఆదివారం సాయంత్రం మేము కొందరం గ్రౌండు చూసుకోవడానికి పోయాం. చావు ఇంటికి పోయినట్టే పోయాం. నేను, మా ఆయన, మొగులప్ప మామ, కుంటి కాలితో జంగప్ప అన్న, గ్రౌండు దగ్గర ఉడకబెట్టిన పల్లీలు అమ్మే హన్మమ్మ అక్క, బిచ్చయ్య తాత. మూడు రోజుల ముసురు అప్పుడే తెరిపిచ్చింది. ఇంకా రాత్రి కూడా కాలేదు. పడమర మబ్బు చాటున ఎక్కడో పొద్దు ఉండే ఉంటుంది. కానీ గనుల్లోంచి తెల్లటి మంచు లేచి, గట్టు ఎక్కి, గ్రౌండు మీదికి మెల్లగా జారుతోంది. గోలు కర్రలు రెండూ తడిసి నల్లగా కనబడుతున్నాయి. తడి రాయి వాసన. కప్పల బెకబెకలు. మేము గ్రౌండు నడుమ గోనెసంచులు పరుచుకుని, తూర్పు గోలు వైపు మొహాలు పెట్టి కూర్చున్నాం. హన్మమ్మ అక్క కందిలి ముట్టించి నడుమ పెట్టింది.

"ఇద్దరిల ఎవడు పెద్ద ద్రోహి?" అంది ఆమె, పల్లీలు వలుస్తూ. "పోయినోడా, ఉన్నోడా? ఇయ్యాలన్న తేల్చుకుందాం."

బిచ్చయ్య తాత నవ్వాడు. ఆయన వికారాబాదు కోర్టులో బంట్రోతు పని చేసి దిగిపోయిన మనిషి. "తేల్చాలంటే కచేరి వెట్టాలె. ముద్దాయిలను పిలువాలె. పిలిచేటందుకు నేనున్న" అన్నాడు.

టీముకు పెద్దదిక్కని మొగులప్ప మామను జడ్జి చేశాం. వద్దన్నాడు. "గివేం నవ్వులాటలు" అని విసుక్కున్నాడు. అందరం పట్టుబట్టాక తలగుడ్డ సర్దుకుని మా ముందు కూర్చున్నాడు.

ముందు జనార్దన్‌ను పిలిచారు. ఎవరు వస్తారు? హన్మమ్మ అక్క నేరాలు చదివింది. టీము పేరు మార్చి తన పేరు పెట్టుకున్నాడు. మా టీము హనుమంతు లాంటి ఆటగాణ్ణి పట్నం మిల్లు టీముకు అమ్ముకున్నాడు, పిల్లవాడు రైలెక్కేదాకా మాకు తెలియదు. గోలు వలలు విప్పి ఎడ్లకు గడ్డి మోయడానికి ఇచ్చాడు. ఇప్పుడు నేలనే తవ్వుతున్నాడు.

"ఇంతకన్న ఏం గావాలె" అంది.

జంగప్ప అన్న విరిగిన కాలు చాపుకుని కూర్చున్నాడు. "సేటు నన్ను మోటార్ల ఏసుకపోయిండు. తొవ్వ పొడుగూత నా కాలు గుంతలల్ల కదలకుంట బండి మెల్లగ నడిపిండు. గంత చేసినోడు చెప్పకుంట ఎట్ల పోయిండో నాకు ఇప్పటికి సమజ్ కాదు. జర ఆయన తరఫు గూడ ఆలోచించున్రి" అన్నాడు.

మా ఆయన నేల చూస్తూ అన్నాడు. "జనార్దన్ మనల ఎన్నడు ప్రేమించిండు? ప్రేమించనోడు ద్రోహం ఎట్ల చేస్తడు? ఆడు బేరం చేసుకున్నడు గంతే. ద్రోహం చేసింది సేటే. మీది మీది అని, నమ్మించి పోయిండు."

మా అందరి కడుపులో ఉన్న మాటే అది.

"ఇగ తీర్పు అయినట్టే" అన్నాడు మొగులప్ప మామ, లేవబోతూ. "ఫరాంజీయే ద్రోహి. పోదాం పదుండ్రి, చీకటి పడుతుంది."

"ఆగు మొగులప్పా" అన్నాడు బిచ్చయ్య తాత. "ముద్దాయిని పిలువకుంట తీర్పు ఇయ్యరు. కాయిదా."

ఆయన లేచి, తూర్పు గోలు వైపు తిరిగి, నోటి దగ్గర చెయ్యి పెట్టి కోర్టులో పిలిచినట్టే పిలిచాడు.

"ఫరాంజీ సేట్... హాజిర్ హో..."

గొంతు గట్టిది. గనుల్లో తగిలి మళ్ళీ మా దగ్గరికి తిరిగొచ్చింది. హన్మమ్మ అక్క ఫక్కున నవ్వింది.

రెండోసారి పిలిచాడు.

ఈసారి గొంతు తిరిగి రాలేదు.

ఎక్కడో మింగేసినట్టు ఆగిపోయింది. కప్పలు కూడా ఆగిపోయాయని కాసేపటికి తెలిసింది. మంచు మోకాళ్ళ దాకా వచ్చింది. కందిలి వెలుగు దాంట్లో పసుపు ముద్దలా ఉంది.

"ఇగ చాలు తియ్ బిచ్చయ్యా" అన్నాడు మొగులప్ప మామ. "చాలు అంటున్న గదా."

మూడోసారి పిలవకపోతే పిలుపు కాదు. తాత పిలిచాడు.

తూర్పు గోలు దగ్గర ఎవరో దగ్గారు.

నేను మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. జంగప్ప అన్న ఏదైనా వేషం వేశాడేమో అని చూశాను. నా పక్కనే ఉన్నాడు. నోరు తెరుచుకుని ఉన్నాడు. మళ్ళీ దగ్గు. రాతి దుమ్ము నిండిన దగ్గు. అది గోలు వెనక నుంచి రావడం లేదు. గోలు ముందు నుంచి, కింది నుంచి... బావిలోంచి వస్తున్నట్టు వస్తోంది. తడి రాయి వాసనలోకి ఇంకో వాసన కలిసింది. నలిపిన నిమ్మతొక్క. దాని అడుగున కుళ్ళిన వాసన.

"వచ్చిన బాబా" అంది ఆ గొంతు.

గోలు ముందు మంచు ఒకచోట చిక్కబడింది. మనిషి ఎత్తు లేదు. నడుము దాకా నేలలో ఉండి, పై సగమే బయటికి వచ్చినంత ఎత్తు. మొహం కనబడలేదు. కనబడనందుకు దేవునికి ఎన్నిసార్లు వందనాలు చెప్పుకున్నానో.

అందరిలోకి జంగప్ప అన్నకే నోరు వచ్చింది. ఏడుస్తూ అడిగాడు. "సేటూ... ఎందుకు పోయినవ్?"

"నేను ఎక్కడికీ పోలే."

"మరెక్కడున్నవ్?"

"ఇక్కడనే. అన్ని ఆటలు చూస్తున్న." కాసేపు దగ్గింది. "కింది నుంచి కనవడుతయి బాబా... మీ అరికాళ్ళు."

ఆ నేల మీద మేము ఎన్ని ఏళ్ళు ఎగిరాం... ఎన్నిసార్లు...

"ఉమ్మింది గూడ నా మీదనే పడ్డది" అంది ఆ గొంతు. కోపం లేదు. అదే భయం వేసింది. "పడనీ అనుకున్న. ఏసుదాసు గోల్‌ల నిలవడ్డడు గదా, బంతి పోవద్దు గదా... వచ్చిన బంతినల్లా పట్టుకున్న. చేతులు మీదికి వెట్టి పట్టుకున్న."

మా ఆయన నా చేతిలోంచి తన చెయ్యి విడిపించుకున్నాడు. ఆయన తన రెండు చేతుల వైపు చూసుకున్నాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను.

"మీరు ఒక్కసారన్న అడుగలే" అంది ఆ గొంతు. "ఒక్కడు బొంబాయికి కార్డు ముక్క రాయలే. చెప్పిన మాట నమ్మిన్రు. నా మాట ఎందుకు నమ్మలే బాబా?"

ఆ గొంతు మళ్ళీ దగ్గి, అంది.

"నాకు ఒక గవా ఉన్నడు. సాక్షి. నన్ను రైలెక్కించినోడు. పిలువు."

మేమంతా ఒకేసారి మొగులప్ప మామ వైపు తిరిగాం. ఆయన కూర్చున్నచోటే కూర్చుని ఉన్నాడు. తలగుడ్డ ఒళ్ళో పడి ఉంది.

"బిచ్చయ్యా, పిలువకు" అన్నాడు చివరికి. "నీ కాల్మొక్త... పిలువకు."

బిచ్చయ్య తాత తర్వాత ఎన్నోసార్లు ప్రమాణం చేసి చెప్పాడు, తను నోరు తెరవలేదని. తెరవడం నేను చూశాను. నోరు తెరుచుకుంది. కళ్ళు మాత్రం వద్దు వద్దు అంటున్నాయి.

"మొగులప్ప... హాజిర్ హో..."

మొగులప్ప మామ నిలబడ్డాడు.

రెండోసారి.

నడవడం మొదలుపెట్టాడు. కాళ్ళు ముందుకు పోతున్నాయి, ఒళ్ళు వెనక్కి వాలుతోంది. బండికి కట్టి లాగుతున్న పశువులా. "ఏసుదాసూ" అన్నాడు. అంతే. మా ఆయన ఒక్క ఉదుటున లేచి వెంట పరిగెత్తాడు. నేనూ ఆయన వెనక పరిగెత్తాను. ఎందుకు పరిగెత్తానో... మా ఆయన్ను పోనివ్వకూడదని.

గోలు గీత దగ్గర మా ఆయన మామ మణికట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. అప్పటికే మామ పిక్కల దాకా నేలలో ఉన్నాడు. నేల మెత్తబడలేదు. నేను దాని మీదే నిలబడి ఉన్నాను, నా కాళ్ళ కింద గట్టిగానే ఉంది. ఆయన ఒక్కడికే మెట్లు దిగినట్టు దిగిపోతోంది.

"చెప్పు మామా" అన్నాడు మా ఆయన, పళ్ళు బిగబట్టి. "ఏం చేసినవో చెప్పు. ఇడిచి పెడుతడు."

"జనార్దనే కొట్టిండు. గడ్డపారతోని. నేను గుంత తవ్విన, బండ ఏసిన, మొరం పోసిన గంతే..." మామ గొంతు పిల్లవాడి గొంతులా సన్నబడింది. "తెల్లారితే ఆట. గోలు ముందు కొత్త మొరం పోసినా ఎవలకు అనుమానం రాదన్నడు."

నడుము దాకా పోయాడు.

"సచ్చిపోయిండనుకున్నవా మామా?" అని నేనే అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు.

ఆయన నా మొహంలోకి చూశాడు.

"లేదు బిడ్డ. మొరం పోస్తుంటే ఇంక దగ్గుతుండె."

మూడో పిలుపు వచ్చింది. అది బిచ్చయ్య తాత గొంతు కాదు. నా కాళ్ళ కింది నుంచి వచ్చింది. అరికాళ్ళకు తెలిసింది.

మా ఆయన ఎంత గట్టిగా పట్టుకున్నాడో ఆ తర్వాత ఆయన గోళ్ళు చూస్తే అర్థమైంది. ఆయన చేతుల్లోంచి అంతవరకు ఏదీ జారలేదు. మామ చెయ్యి జారింది. నేల మీద చిన్న పగులు కూడా లేదు. తడిసిన గడ్డి, దాని మీద మంచు. కొంచెం సేపటికి కప్పలు మళ్ళీ మొదలుపెట్టాయి.

తెల్లవారి గని మనుషులంతా వచ్చారు. పోలీసులూ వచ్చారు. గోలు ముందు తవ్వారు. మొరం కింద పెద్ద నాపబండ. దాని మీద మట్టి ఏళ్ళ నాటి మట్టి, గడ్డి వేళ్ళు బండను చుట్టుకుని ఉన్నాయి. వేళ్ళు కోసి బండ ఎత్తారు. కింద సేట్ ఉన్నాడు. ఎముకలే. కూర్చుని ఉన్నాడు, తల పైకెత్తి. రెండు చేతుల ఎముకలూ పైకి లేపి, అరచేతులు ఆకాశం వైపు పెట్టి.

ఆయన కింద మొగులప్ప మామ ఉన్నాడు. నోటి నిండా మొరం.

కదల్చని బండ కిందికి, ఆ ఎముకల కిందికి, నిన్న సాయంత్రం బతికి ఉన్న మనిషి ఎట్లా పోయాడని అందరూ అడిగారు. మేము చూసింది చెప్పాం. పోలీసులు రాసుకోలేదు. రాసుకుంటారని మేమూ అనుకోలేదు. జనార్దన్ వచ్చి గుంత అంచున నిలబడ్డాడు. మొగులప్పే చంపి ఉంటాడు, నాకు అబద్ధం చెప్పి నమ్మించాడు అన్నాడు. ఉన్న ఒక్క సాక్షీ కింద ఉన్నాడు. కేసు నిలబడలేదు. సేట్ ఎముకలను బొంబాయి నుంచి ఎవరో దూరపు బంధువు వచ్చి తీసుకుపోయాడు. జంగప్ప అన్న కుంటుకుంటూ స్టేషన్ దాకా పోయి, రైలు కదిలేదాకా పెట్టె మీద చెయ్యి తియ్యలేదు.

ఆ వారమే గ్రౌండు తవ్వకం మొదలైంది. తవ్వింది మా మనుషులే. కూలి మానుకుంటే తినేదేముంది?

మా ఆయన మళ్ళీ బంతి ముట్టలేదు. "ఆ చేతులు నావి కాదు" అనేవాడు, అడిగితే. మేము తాండూరు విడిచి వికారాబాదు వచ్చేశాం. నాకు మిషన్ దవాఖానలో ఆయా పని దొరికింది. నాలుగేళ్ళు గడిచాయి. భయం పోలేదు కానీ, దాన్ని పక్కన పెట్టుకుని బతకడం అలవాటైంది.

ఒక మధ్యాహ్నం తాండూరు నుంచి ఎడ్లబండి వచ్చింది. నలుగురు మనుషులు మంచంతో సహా ఒకాయన్ను దించారు. జనార్దన్. నేను మొదట గుర్తుపట్టలేదు, అంత ఎండిపోయాడు. నెల రోజులుగా నేల మీద కాలు పెట్టలేదట. మేడ మీద ఉంటాడట, తివాచీల మీద తివాచీలు వేయించుకున్నాడట. మంచం దించబోతే, "నేల మీద వెట్టకున్రి, నేల మీద వెట్టకున్రి" అని గొణుగుతున్నాడు. చివరికి బల్ల మీద పడుకోబెట్టారు. పాదాలకు గుడ్డలు చుట్టి ఉన్నాయి.

డాక్టరమ్మ విప్పమంది. నేను విప్పాను.

అరికాళ్ళ నిండా నీలంగా కమిలిన మచ్చలు. వేళ్ళ గుర్తులు. కింది నుంచి అరచెయ్యి ఆనించి గట్టిగా పట్టుకుంటే పడే గుర్తులు. పెద్ద చేతులవి ఉన్నాయి, పొడుగు వేళ్ళవి. అవి ఎవరివో నాకు తెలుసు. మొరటు చెయ్యి ఒకటి ఉంది. అది ఎవరిదో కూడా తెలుసుననుకున్నాను.

వాటి నడుమ చిన్నవి ఉన్నాయి.

పాలు తాగే పిల్లల చేతులంత చిన్నవి. ఒకటి రెండు కాదు. మడమ నుంచి వేళ్ళ దాకా, ఒకదాని మీద ఒకటి.

డాక్టరమ్మ నా మొహం చూసింది. నేను ఆయన చెవి దగ్గరికి వంగాను.

"ఈ చిన్నయి ఎవలవి?" అన్నాను మెల్లగా.

జనార్దన్ కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టాడు. అబద్ధం చెప్పే ఓపిక ఆ మొహంలో లేదు.

"గా ఇద్దరు నాకు ఎరుకే" అన్నాడు. "గివి ఎవలవో... నాకు తెల్వది బిడ్డ. గ్రౌండు తవ్వినకొద్ది ఎక్కువైతున్నయి."

నేను మళ్ళీ పాదాల వైపు చూశాను. ఎడమ మడమ దగ్గర చర్మం తెల్లగా ఉన్నచోట, మేము చూస్తుండగానే, ఇంకో చిన్న వేలి గుర్తు మెల్లగా తేలింది.